డప్పు దరువు, న్యూ వేవ్ పాట: ఎంతవరకు తీసుకోవచ్చు?

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నలుగురి బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తాను. అమెరికా బ్యాండ్ టాకింగ్ హెడ్స్ వాళ్ళ ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ విన్నప్పటి నుంచి నాకు వేరే పాట ఎక్కట్లేదు. ఆ ఊపులోనే ఒక తెలుగు పాట కట్టాను. పాటంతా ఒకటే బేస్ లైన్. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో బోనాలప్పుడు ఫోన్‌లో తీసుకున్న డప్పు దరువు ముక్కను లూప్ చేసి, అంటే అదే మళ్ళీ మళ్ళీ వచ్చేలా కింద వేశాను. మధ్యలో మాటలు ప్రసంగంలా చెబుతాను, కోరస్ అందరం కలిసి పాడతాం. మా డ్రమ్మర్ ‘ఇది పక్కా కాపీ, తెలిసినవాళ్ళు వింటే పరువు పోతుంది’ అంటున్నాడు. గిటారిస్ట్ ‘డప్పు రాక్‌లో అతకదు, తీసెయ్’ అంటున్నాడు. కాలేజీ ఫెస్ట్‌లో వాయించి, తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టాలని ఉంది. ప్రభావం ఎక్కడిదాకా, కాపీ ఎక్కడి నుంచి? పాట ఫైల్ జత చేశాను. చాలా టెన్షన్‌గా ఉందక్కా.
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: తమ్ముడూ, నీ పాట హెడ్‌ఫోన్స్‌లో విన్నాను, స్పీకర్‌లో పెట్టి కూడా విన్నాను. ముందు నువ్వు అడిగినదానికి సూటిగా చెప్పేస్తాను. మీ డ్రమ్మర్ మాటలో సగం నిజం ఉంది. మీ గిటారిస్ట్ చెప్పింది మాత్రం తప్పు. పాట మొదట్లో నీళ్ళు బుడబుడలాడినట్టు వచ్చే సింథ్ (సింథసైజర్ శబ్దం) ఉంది చూడు, అది కాపీయే. పెద్ద ఇల్లు, పెద్ద కారు అంటూ నువ్వు చెప్పే ఆ రెండు వాక్యాలు కూడా కాపీయే. బేస్ లైన్ కాపీ కాదు, ధైర్యంగా ఉంచుకో. డప్పు కూడా కాపీ కాదు, కానీ అక్కడ ఇంకో చిక్కుంది. నువ్వు అడగకపోయినా దాని గురించి చెప్పాలి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే.

నీకు అంత నచ్చిన ఆ పాట ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే నీ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది. ఎందుకంటే ఆ పాటలో సగానికి పైగా వేరేవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. అయినా దాన్ని కాపీ అనరు.

టాకింగ్ హెడ్స్ న్యూయార్క్ బ్యాండ్. డేవిడ్ బర్న్, క్రిస్ ఫ్రాంట్జ్, టీనా వేమౌత్ ముగ్గురూ రోడ్ ఐలండ్‌లోని డిజైన్ కాలేజీలో ఆర్ట్ చదువుకున్నవాళ్ళు. బ్యాండ్‌కి బేస్ వాయించేవాళ్ళు దొరక్కపోతే టీనా ఆ పని కోసమే బేస్ నేర్చుకుంది. నువ్వూ బేస్ వాయిస్తావు కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను. 1975లో సీబీజీబీ అనే చిన్న క్లబ్‌లో రమోన్స్ బ్యాండ్‌కి ముందు వీళ్ళు తొలిసారి వాయించారు. తర్వాత జెర్రీ హారిసన్ కీబోర్డు, గిటార్ పట్టుకుని నాలుగో మనిషిగా చేరాడు. అప్పట్లో పంక్ అనే వేగమైన, మోటు రాక్ వేడి మీదుంది. ఆ వేడిని ఉంచుకుంటూనే రెగ్గే, డిస్కో, ఫంక్, సింథసైజర్ అన్నిటికీ తలుపు తెరిచిన బ్యాండ్లను న్యూ వేవ్ అన్నారు. పోలీస్ బ్యాండ్ జమైకా రెగ్గే వైపు వెళ్ళింది, బ్లాండీ డిస్కో వైపు వెళ్ళింది. అంటే ఇతరుల సంగీతం నుంచి తీసుకోవడం ఈ ధోరణిలో మొదటి నుంచీ ఉన్నదే. దానికి నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు.

వీళ్ళకు ప్రొడ్యూసర్‌గా వచ్చిన బ్రయన్ ఈనో, పరిచయమైన కొత్తలో, 1977లో, ఒక రికార్డు వినిపించాడు. అది నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటి 1973లో తెచ్చిన ‘ఆఫ్రోడిసియాక్’. ఫెలా పాటలు మామూలు పాటల్లా పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అని నడవవు. ఒక్కో పాట పది నిమిషాలు, పదిహేను నిమిషాలు సాగుతుంది. ఒక గిటార్ నాలుగు స్వరాల చిన్న ముక్క పట్టుకుని పాట పొడవునా అదే వాయిస్తుంది. ఇంకో గిటార్‌ది ఇంకో ముక్క. బేస్‌కి మరొకటి. డ్రమ్స్ మీద టోనీ అలెన్ ఈ ముక్కలన్నిటి మధ్యా నడుస్తుంటాడు. ఏ ఒక్క ముక్కనూ విడిగా వింటే పెద్దగా ఏమీ అనిపించదు. అన్నీ ఒకదాని సందులో ఒకటి పడినప్పుడు మాత్రం కాళ్ళు ఆగవు.

1980 వేసవిలో బహామాస్ దీవుల్లోని నాసావులో ఉన్న కంపాస్ పాయింట్ స్టూడియోకి బ్యాండ్ వెళ్ళినప్పుడు వాళ్ళు ఫెలా రాగం ఒక్కటి కూడా ఎత్తుకురాలేదు, ఆయన పని చేసే తీరును తీసుకున్నారు. అంతకుముందు వాళ్ళ పద్ధతి వేరు. బర్న్ గిటార్ మీద పాట రాసుకొచ్చేవాడు, మిగతావాళ్ళు దాని చుట్టూ వాయించేవాళ్ళు. ఈసారి రాసుకున్న పాటలంటూ ఏమీ లేకుండా స్టూడియోలో అడుగుపెట్టారు. అందరూ కలిసి చాలాసేపు వాయించడం, రికార్డ్ చేయడం, అందులో బాగున్న చిన్న ముక్కను ఏరుకోవడం, ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ అచ్చం అలాగే వాయించడం నేర్చుకోవడం, ఇదీ పని. ఇవాళ నువ్వు ల్యాప్‌టాప్‌లో మౌస్‌తో చేసే లూప్ పని వాళ్ళు చేతులతో చేశారు. ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ అలా పుట్టింది.

దాదాపు పుట్టకుండానే పోయింది కూడా. స్వరాల మార్పు పెద్దగా లేదు, అంతా ఒక మత్తులో ఉన్నట్టు ఒకే చోట తిరుగుతుంటుంది. ఇందులో కోరస్ ఎక్కడ పెట్టాలో తోచలేదు. ఈనోకి మొదట్లో ఇది నచ్చలేదు, పక్కన పెట్టేద్దామనే అనుకున్నారు. బర్న్ మాత్రం దీనికి మాటలు రాయగలనని పట్టుబట్టాడు. తర్వాత ఈనో మాటల్లేకుండా ఒక కోరస్ బాణీ కూనిరాగంగా తీశాడు. దాంతో పాట నిలబడింది.

ఇప్పుడు నీ బేస్ లైన్ సంగతి. ఆ పాటలో టీనా వాయించేది చాలా చిన్న ముక్క. రెండు మూడు దెబ్బలు, తర్వాత ఖాళీ. ఆ ఖాళీయే పాటకు ప్రాణం. నువ్వు కూడా ఒకే ముక్కను పాటంతా వాయించావు. అందుకే మీ డ్రమ్మర్‌కి కాపీలా అనిపించి ఉంటుంది. కానీ నీ ముక్కలో స్వరాలు వేరు, నడక వేరు, ఖాళీ పడే చోటు వేరు. ఒకే ముక్కను పదే పదే వాయించడం ఎవరి సొత్తూ కాదు. ఫెలాదీ కాదు, ఫెలాకు ముందు అమెరికా సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్‌దీ కాదు.

జేమ్స్ బ్రౌన్ పేరు ఎందుకు తెచ్చానంటే, ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు. ఫెలా 1958లో సంగీతం చదువుకోవడానికి లండన్ వెళ్ళాడు, అక్కడ జాజ్ వాయించాడు. నైజీరియాలోని లాగోస్‌కి తిరిగొచ్చాక హైలైఫ్ అనే పశ్చిమాఫ్రికా డాన్స్ సంగీతాన్నీ జాజ్‌నీ కలిపి వాయిస్తుండగా, సియెర్రా లియోన్ నుంచి జెరాల్డో పినో అనే గాయకుడు వచ్చి జేమ్స్ బ్రౌన్ తరహా సోల్ సంగీతంతో ఊరంతా ఊపేశాడు. ఫెలా ఉలిక్కిపడ్డాడు. 1969లో అమెరికా వెళ్ళాడు, లాస్ ఏంజిలిస్‌లో నల్లజాతి ఉద్యమకారులతో తిరిగాడు, తిరిగొచ్చాక తన సంగీతాన్ని మొదలంటా మార్చుకున్నాడు. ఆఫ్రోబీట్ అని పేరుపడ్డ అతని సంగీతం గట్టిపడింది ఆ తర్వాతే. జేమ్స్ బ్రౌన్ సంగీతం మూలాలు చూస్తే మళ్ళీ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ దగ్గరికే పోతాయి. ఆఫ్రికా నుంచి అమెరికా, అక్కడి నుంచి లాగోస్, లాగోస్ నుంచి రికార్డు రూపంలో న్యూయార్క్, అక్కడి నుంచి బహామాస్. ఈ దారిలో ఎక్కడా ఎవరూ ఉన్నదున్నట్టు తీసుకోలేదు. అందుకున్న ప్రతివాడూ తన పని తీరును మార్చుకున్నాడు.

ప్రభావం అని నేను దేన్ని అంటానంటే దీన్నే. వేరేవాళ్ళ సంగీతం నీ చేతికొచ్చాక నువ్వు పాట కట్టే పద్ధతి మారిందా? మారితే అది ప్రభావం. నీ పద్ధతి పాతదే ఉండి, పైన మాత్రం వాళ్ళ శబ్దం అతికించి ఉంటే అది కాపీ. నీ బేస్ లైన్ విషయంలో పద్ధతి మారింది. ఇంతకుముందు నువ్వు పంపిన పాత పాటలో నాలుగు కార్డులు, మధ్యలో ఒక సోలో, అందరిలాగే ఉంది. ఇందులో మొదటిసారి ఓపిక కనిపిస్తోంది. సింథ్ విషయంలో మాత్రం అలా జరగలేదు. ఆ బుడబుడ శబ్దం జెర్రీ హారిసన్ పట్టుకున్న శబ్దం. నీ పాటలో అది ఏ పనీ చేయట్లేదు, ‘ఇది ఆ పాటలాంటిదే’ అని వినేవాడికి చెప్పడం తప్ప. తీసేసి విను. పాటకు ఏ లోటూ రాదు. పైగా నీ బేస్ ఇంకా ముందుకొస్తుంది.

ఇక్కడ నువ్వు నన్ను ఎదురు ప్రశ్న వేయొచ్చు. హారిసన్ కూడా అచ్చంగా తీసుకున్నాడు కదా అని. నిజమే. పాట చివర్లో ఆర్గన్ పైకి లేచి అంతటినీ ముంచేసే చోటు ఉంది కదా, దాన్ని వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే న్యూయార్క్ బ్యాండ్ 1969 నాటి ‘వాట్ గోస్ ఆన్’ పాటలోని ఆర్గన్ నుంచి తెచ్చాడు. ఈ రెండు పాటలూ వెంట వెంటనే పెట్టుకుని విను. చుట్టరికం తెలుస్తుంది. కానీ ఆ పాటలో ఆర్గన్ గిటార్ల కింద ఒకే ఊపులో ముందుకు పరుగెడుతుంది. ఈ పాటలో అదే ఆర్గన్ లాగోస్ తరహా అల్లిక మీద వచ్చి పడుతుంది. న్యూయార్క్ గ్యారేజ్ శబ్దం ఒకటి, నైజీరియా నడక ఒకటి, రెండూ ఒకదాన్నొకటి అప్పటిదాకా చూసి ఉండవు. తెచ్చిన వస్తువు కొత్త చోట కొత్త పని చేసింది. నీ సింథ్ మాత్రం పాత చోట చేసిన పనే ఇక్కడా చేస్తోంది.

ఇక మాటలు. బర్న్ ఆ రోజుల్లో అమెరికా రేడియోలో వచ్చే క్రైస్తవ ప్రసంగీకుల గొంతులు తెగ వినేవాడు. అప్పటికే ఈనోతో కలిసి చేస్తున్న ఇంకో ఆల్బమ్‌లో అలాంటి రేడియో గొంతులను నేరుగా వాడాడు. ఈ పాటకు మాత్రం ఆ గొంతుల లయ పట్టుకున్నాడు. ప్రసంగీకుడు ఒక వాక్యం అంటాడు, ఆగుతాడు, జనం స్పందించాక మళ్ళీ అదే ఎత్తుగడతో ఇంకో వాక్యం అంటాడు. బర్న్ చరణాల్లో చేసింది అదే, కోరస్‌లో జనంలా అందరూ అందుకుంటారు. చెప్పిన విషయం మాత్రం చర్చిది కాదు. ఒక మధ్యతరగతి మనిషి ఒక రోజు ఉలిక్కిపడి, తన చుట్టూ ఉన్న ఇంటినీ సంసారాన్నీ చూసి, నేనిక్కడికి ఎలా వచ్చాను అని అడుగుతాడు. వీడియోలో నృత్య దర్శకురాలు టోనీ బేసిల్‌తో కలిసి బర్న్ కట్టిన ఆ వింత కదలికలు కూడా మత కార్యక్రమాల్లో పూనకం వచ్చినవాళ్ళ ఫిల్ములు చూసి పట్టుకున్నవే. బోనాల్లో పూనకాలు చూస్తూ పెరిగిన నీకు ఆ వీడియో ఎందుకంత దగ్గరగా అనిపించిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పెద్ద ఇల్లు, పెద్ద కారు అతని ప్రశ్న తమ్ముడూ. ఇరవై ఏళ్ళ నీకు అవి ఇంకా రాలేదు. నీ గొంతులో ఆ వాక్యాలు వచ్చినప్పుడు నేను నమ్మలేదు. కానీ రెండో చరణం చివర్లో, మైక్‌కి కాస్త దూరంగా జరిగి, ‘ఈ బ్రాంచ్‌లో ఎందుకు చేరాన్రా’ అన్నావు. అది రాసుకున్న లైనో, ఊరికే నోట్లోంచి జారిన మాటో నాకు తెలియదు. పాట మొత్తంలో నన్ను పట్టుకున్న మాట అదొక్కటే. పాటను అక్కడి నుంచి మళ్ళీ రాయి. ప్రసంగం తీరు కావాలంటే నీ చెవిన రోజూ పడే ప్రసంగాలు లేవా? ప్లేస్‌మెంట్ సెల్ మీటింగ్‌లో ప్యాకేజీల అంకెలు చదివే గొంతు, బస్టాండ్‌లో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదో చెప్పే అనౌన్స్‌మెంట్, మార్కెట్ యార్డులో మిర్చి వేలం పాట. వాటి లయ కాగితం మీద రాసుకో. ఎక్కడ సాగదీస్తారు, ఎక్కడ తుంచుతారు, ఏ మాటను రెండుసార్లు అంటారు, అన్నీ గుర్తుపెట్టుకో. బర్న్ రేడియో ముందు కూర్చుని చేసిన పనిని నువ్వు వరంగల్ బస్టాండ్‌లో కూర్చుని చేస్తే, అతని దగ్గర నువ్వు నిజంగా నేర్చుకున్నట్టు.

ఇప్పుడు డప్పు. మీ గిటారిస్ట్ అతకదన్నాడు కదా, అతనికి అలా ఎందుకు అనిపించిందో విని పట్టుకున్నాను. మీ డ్రమ్మర్ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి తన ఒకటి మీద మొదలుపెట్టాడు. నువ్వు డప్పు ముక్కను ఫోన్‌లో రికార్డింగ్ మొదలైన చోటునుంచే కత్తిరించావు. కానీ ఆ డప్పు ఆయన దరువు అక్కడ మొదలుకాలేదు. ఆయనది అంతకు కాస్త ముందే మొదలైంది, నీ ఫోన్ ఆన్ అయ్యేసరికి ఆయన మధ్యలో ఉన్నాడు. అందుకే మీ డ్రమ్స్ ఒక చోట బలంగా పడుతుంటే డప్పు ఇంకో చోట బలంగా పడుతోంది. గిటారిస్ట్ చెవికి అది తప్పులా తోచింది.

సరిగ్గా ఇలాంటిదే నీకిష్టమైన పాటలోనూ ఉంది. ఆ పాటలో లెక్కకు మొదటి దెబ్బ, అంటే ‘ఒకటి’, ఎక్కడ పడుతుందనే విషయంలో ఈనోకి తోచింది వేరు, బ్యాండ్‌కి తోచింది వేరు. వాళ్ళు ఒక చోట మొదలైందనుకుంటే, అతను మూడో దెబ్బను మొదటిదిగా విన్నాడు. ఆ తేడాను సరిచేయకుండా వదిలేశారు. పాటకు రెండు చోట్ల బరువు ఉంటుందని తర్వాత ఈనోనే వివరించాడు. ఎన్నిసార్లు విన్నా ఆ పాట మన కాళ్ళ కింద కాస్త జారుతున్నట్టు ఉంటుంది. అందుకు ఒక కారణం ఇదే. కాబట్టి డప్పును తీసేయకు, కంప్యూటర్‌లో జరిపి డ్రమ్స్‌కి కట్టేయకు కూడా. ముందు దరువు అసలు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకో. తెలుసుకున్నాక ఆ తేడా ఉంచుకుంటావో, దగ్గరికి తెస్తావో నీ ఇష్టం. తెలిసి ఉంచితే అది మీ పాట బలం. తెలియక ఉంచితే స్టేజీ మీద మీ డ్రమ్మర్ తడబడతాడు.

ఎలా తెలుసుకోవాలి? ఎవరు వాయించారో ఆయన్నే అడగాలి. ఇందాక చిక్కుందన్నది ఇక్కడే. నీ ఉత్తరంలో అమ్మమ్మ ఊరుంది, బోనాలున్నాయి, ఫోన్ ఉంది. వాయించిన మనిషి లేడు. ఆయన పేరేమిటి? నీ లూప్ ఎనిమిది సెకన్లది. దాని చివర ప్రతిసారీ ఒక మోటార్ సైకిల్ హారన్ మోగుతుంది, ఎవరో పిల్లవాడు దగ్గుతాడు. ఆ హారన్, ఆ దగ్గు పాటలో ముప్పైసార్లకు పైగానే వినిపిస్తాయి. వాయించినాయన మాత్రం ఎక్కడా లేడు. దరువు నిజానికి అలా ఎనిమిది సెకన్లకు ఆగిపోయేది కాదు. ఆయన వేగం పెంచుతాడు, కుడిచేతి సిర్ర అనే కర్ర దెబ్బల మధ్య ఎడమచేతి సిటికెన పుల్లతో సన్నగా నింపుతాడు, ఎదుట ఆడేవాళ్ళ అడుగును చూసి మలుపు తిప్పుతాడు. నీ ముక్కలో ఆ మలుపు లేదు, దానికి ముందే కోసేశావు. బేస్ దగ్గర చూపించిన ఓపిక ఇక్కడ చూపించలేదు.

టాకింగ్ హెడ్స్ వాళ్ళు ఈ విషయంలో ఒక మంచి పని చేశారు. 1980 అక్టోబర్‌లో ‘రిమైన్ ఇన్ లైట్’ ఆల్బమ్ వచ్చినప్పుడు, పత్రికలకు పంపిన ప్రకటనతో పాటు తాము చదివిన పుస్తకాల జాబితా కూడా ఇచ్చారు. అందులో ఘనాలో డ్రమ్స్ నేర్చుకున్న జాన్ మిల్లర్ చెర్నాఫ్ ఆఫ్రికా లయ మీద రాసిన పుస్తకం ఉంది. రాక్ బ్యాండ్ ఆల్బమ్‌తో పుస్తకాల జాబితా పంపడం అప్పట్లో కొంతమందికి వింతగా తోచింది. నాకు మాత్రం అది చాలా నచ్చుతుంది. మాకు ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఫలానా చోట నేర్చుకున్నాం అని ముందే చెప్పేశారు.

అంతకన్నా నచ్చేది తర్వాతి సంగతి. 1981లో టీనా, క్రిస్ కలిసి టామ్ టామ్ క్లబ్ పేరుతో అదే కంపాస్ పాయింట్‌లో ‘జీనియస్ ఆఫ్ లవ్’ అనే పాట చేశారు. ఆ పాట మాటల్లోనే తమకు ఇష్టమైన సంగీతకారుల పేర్లు వరసగా పిలుస్తారు. జేమ్స్ బ్రౌన్, బూట్సీ కాలిన్స్, బాబ్ మార్లీ, స్లై, రాబీ, కర్టిస్ బ్లో, ఇలా. అప్పు తీర్చుకున్నట్టు కాదు, సంబరంగా పిలుస్తారు. 1995లో అమెరికా గాయని మరియా కేరీ అదే పాట సంగీతాన్ని తన ‘ఫాంటసీ’లో వాడినప్పుడు టీనా, క్రిస్‌ల పేర్లు రచయితల వరసలో చేరాయి. పేరు చెప్పినవాళ్ళకు పేరు దక్కింది.

పేర్ల దగ్గర వాళ్ళు దెబ్బతిన్న సందర్భమూ ఉంది. ‘రిమైన్ ఇన్ లైట్’ పాటలు ఎవరివి అనే దగ్గర బ్యాండ్‌లోనే గొడవైంది. అందరూ కలిసి వాయించి ఏరుకున్న ముక్కల నుంచి పుట్టిన పాటలు కదా. ఆల్బమ్ మీద బర్న్, ఈనో పేర్లు విడిగా వేసి మిగతావాళ్ళను బ్యాండ్ పేరు కింద కలిపేసేసరికి వాళ్ళకు కష్టమేసింది. ఆ చేదు చాలా ఏళ్ళు పోలేదు. మీరు నలుగురు. పాట నేను కట్టానని రాశావు, కానీ ఆ కోరస్‌లో మీ గిటారిస్ట్ పాడిన పై గొంతు లేకపోతే అది కోరసే కాదు. ఆన్‌లైన్‌లో పెట్టకముందే నలుగురూ కూర్చుని ఎవరి పేరు ఎక్కడ ఉండాలో మాట్లాడుకోండి. పాట బయటికెళ్ళాక మాట్లాడుకోవడం చాలా కష్టం.

డప్పు ఆయన విషయానికి చట్టం కూడా ఉంది. సంప్రదాయంగా వస్తున్న దరువును నాదే అని ఎవరూ అనలేకపోవచ్చు. పాట తీరు మీద, శైలి మీద కాపీరైట్ ఉండదు. అందుకే నీ బేస్ లైన్ గురించి భయపడొద్దన్నాను. కానీ ఆయన వాయించిన ఆ వాయింపు ఆయనది. మన 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అని విడిగా ఉంది. గాయకుడైనా, వాద్యకారుడైనా, తన ప్రదర్శనను రికార్డ్ చేసి వాడుకోవడానికి అనుమతి ఆయన ఇవ్వాలి. ఫలానా వ్యక్తి వాయించాడని పేరు వేయించుకునే హక్కు కూడా 2012 సవరణ తర్వాత స్పష్టంగా ఉంది. ఇంట్లో నేర్చుకోవడానికి వాడుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆన్‌లైన్‌లో పెట్టి, రేపు దానిమీద రూపాయి వస్తే అది వేరే సంగతి. చట్టం పక్కన పెట్టినా, డప్పు వాయించే కుటుంబాలు తరతరాలుగా ఊరి ప్రతి పండుగకూ చావుకూ వాయించి, పేరు లేకుండా మిగిలిపోయాయి. మన పాట కూడా ఆ వరసలో చేరకూడదు.

ఒక సంగతి చెబుతాను. పశ్చిమాఫ్రికాలోని బెనిన్ దేశపు గాయని ఏంజెలిక్ కిజో 1980లలో పారిస్‌లో ఉన్నప్పుడు ఒక పార్టీలో ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ విన్నది. ఇది ఆఫ్రికా సంగీతం కదా అన్నది. కాదు, ఇది రాక్ అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఆమె ఆ మాట మర్చిపోలేదు. 2018లో ఆ ఆల్బమ్ మొత్తాన్నీ, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, తన గొంతుతో, తన భాషలతో కలిపి మళ్ళీ చేసింది. డ్రమ్స్ వాయించడానికి ఎవరొచ్చారో తెలుసా? టోనీ అలెన్. ఫెలా దగ్గర వాయించిన ఆ టోనీ అలెనే. న్యూయార్క్ బ్యాండ్ రికార్డులో విని నేర్చుకున్న నడకను, ఆ నడక పుట్టించిన చేతులే వచ్చి మళ్ళీ వాయించాయి. అది విన్నాక మొదటి రికార్డు తక్కువనిపించదు. రెండూ వెంట వెంటనే విను, ముఖ్యంగా డ్రమ్స్ ఎక్కడ ఊపిరి తీసుకుంటాయో విను. లయను చదివి నేర్చుకున్నవాళ్ళకూ అందులో పుట్టినవాళ్ళకూ వాయింపులో ఏ తేడా ఉంటుందో నేను రాయడం కన్నా నీ చెవికే బాగా తెలుస్తుంది. మీ పాటకు డప్పు ఆయన్ని ఎందుకు పిలవమంటున్నానో కూడా తెలుస్తుంది.

పరువు పోతుందన్న భయం గురించి ఒక్క మాట. ఇంత పేరున్న ఆ పాట 1981లో సింగిల్‌గా వచ్చినప్పుడు బ్రిటన్‌లో 14వ స్థానం దాకా వెళ్ళింది. సొంత దేశం అమెరికాలో మాత్రం మొదటి వంద పాటల్లోకి కూడా ఎక్కలేదు. ఫెస్ట్‌లో జనం గమ్మున ఉంటే దాన్నిబట్టి పాటను తూచొద్దు. ఇక తెలిసినవాళ్ళు వింటే అని మీ డ్రమ్మర్ భయపడుతున్నాడు కదా, తెలిసినవాళ్ళు వినాలి. పాట కింద రాసే వివరాల్లో టాకింగ్ హెడ్స్ పేరు, ఫెలా పేరు మీరే రాయండి.

కాబట్టి ముందు సింథ్ తీసెయ్. పెద్ద ఇల్లు, పెద్ద కారు వాక్యాలు తీసెయ్, బ్రాంచ్ మాట నుంచి మళ్ళీ రాయి. ఆ తర్వాత ఊరెళ్ళు. అమ్మమ్మను అడిగితే ఆయన ఎవరో, ఇల్లెక్కడో ఐదు నిమిషాల్లో చెబుతుంది. వెళ్ళినప్పుడు నీ రికార్డింగ్ వినిపించు, ఏ పండుగదో చెప్పు, పాటలో వాడుకుంటానని అడుగు. వద్దంటే తీసేయాలి, అందులో రెండో మాట లేదు. సరేనంటే ఆ దరువు మొదలెక్కడో, మలుపెక్కడో ఆయన దగ్గర చేత్తో నేర్చుకో. బేస్ వాయించే వేళ్ళకు అది చాలా మేలు చేస్తుంది. ఫెస్ట్‌కి వచ్చి వాయిస్తారా అని అడుగు. వస్తానంటే రానుపోను ఖర్చులు, ఆ రోజుకు ఆయన తీసుకునే డబ్బు ముందే మాట్లాడుకుని ముందే ఇవ్వండి. మీరు ఫ్రీగా వాయిస్తున్నారు కాబట్టి ఆయనా ఫ్రీగా వాయించాలని అనుకోవద్దు.

ఆయన వస్తే కాలేజీవాళ్ళతో ఇప్పుడే మాట్లాడాల్సిన పని ఒకటుంది. డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచాలి, లేకపోతే తోలు బిగుసుకోదు, శబ్దం మెత్తగా పడుతుంది. సాయంత్రం మంచుకు మళ్ళీ వదులవుతుంది, మధ్యలో ఇంకోసారి కాచాల్సి రావచ్చు. ఆడిటోరియం వెనక ఖాళీ స్థలంలో చిన్న మంటకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఒక బకెట్ నీళ్ళు పక్కన పెట్టండి. మైక్‌ను డప్పుకు మరీ దగ్గరగా పెట్టనివ్వకు, సిటికెన పుల్ల శబ్దం సిర్ర దెబ్బ కింద మునిగిపోతుంది. కొంచెం దూరంగా, పక్కనుంచి పెట్టమను. సౌండ్ చెక్‌లో ముందు ఆయన్ని ఒక్కరినే వాయించమనండి. ఆయన దరువులో ‘ఒకటి’ ఎక్కడుందో మీ డ్రమ్మర్‌కి దొరికేదాకా అతను స్టిక్స్ ముట్టుకోకూడదు.